పాత బండి కార్బరేటర్‌లో ఏది మార్చాలి, ఏది ఉంచాలి

మీ ఇంట్లో పాత ఆర్‌ఎక్స్ 100 గానీ పాత బుల్లెట్ గానీ ఉంటే, పెట్రోల్ కారుతోందనో ఐడిలింగ్ నిలబడట్లేదనో పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్ మొత్తం తీసి పాత ఇనుముకి వేసేయకండి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. బండితో పాటు వచ్చిన ఆ ఇత్తడి జెట్లు (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల ముక్కలు) మళ్లీ దొరకవు.

విప్పే ముందు, ఐడిలింగ్‌లో గాలిని సరిచేసే ఎయిర్ స్క్రూని మెల్లగా ఆగేదాకా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. స్లైడ్‌కి వేలాడే జెట్ నీడిల్ (సూది) మీది క్లిప్ పైనుంచి ఎన్నో గాడిలో ఉందో ఫోటో తీయండి. మెయిన్ జెట్ (వేగంలో పనిచేసేది), పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పనిచేసేది) మీద నంబర్లు చిన్నగా కొట్టి ఉంటాయి, అవి కూడా రాసుకుని సర్వీస్ మాన్యువల్‌తో సరిచూడండి, ఎందుకంటే ఇన్నేళ్లలో ఏ మెకానిక్కో మార్చేసి ఉండొచ్చు. నంబర్ పెరిగితే పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది. మికుని కంపెనీ జెట్ నంబర్‌నీ ఇంకో కంపెనీ నంబర్‌నీ పోల్చకండి, రెండిటి లెక్కలూ వేరు.

పెట్రోల్ కారుతుంటే ముందు లోపల పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ చూడండి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమంటే చిల్లి పడినట్టే, వేడి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చే చోటు కనిపిస్తుంది. ఫ్లోట్ బాగుంటే అది పైకి లేచినప్పుడు పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ నీడిల్) కొన చూడండి. చుట్టూ గీత పడి ఉంటే మార్చాలి, ఆ కొన ఆనే సీటు విడిగా వచ్చే రకమైతే దాన్నీ కలిపి మార్చండి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇథనాల్ కలిపిన పెట్రోలే, పాత రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. అందుకే ఓ-రింగులు, గాస్కెట్లు బాగున్నట్టు కనిపించినా కొత్తవి వేయండి.

జెట్లు మూసుకుపోతే ఇనుప తీగతో పొడవొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ కొట్టి, నెల్లూరు దగ్గర మైపాడు వైపు గాలాలకి కట్టే సన్న నైలాన్ దారం దూర్చితే చాలు.

నేను ఒకసారి రిపేర్ కిట్ కొని, అందులో ఉన్నవన్నీ బిగించేశాను. జెట్ నంబర్ పాతదే, కానీ రంధ్రం సన్నం. కావలి దాటాక హైవే మీద ఇంజన్ పట్టేసింది, పిస్టన్ గీసుకుపోయింది. పెట్రోల్ తగ్గితే ఇంజన్ మరీ వేడెక్కుతుంది, పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండైతే ఆయిల్ కూడా తగ్గినట్టే. అందుకే ఇప్పుడు కిట్‌లోంచి గాస్కెట్లు, ఫ్లోట్ నీడిల్ మాత్రమే వాడతాను, జెట్లు డబ్బాలోనే ఉంచేస్తాను. జెట్ నీడిల్ అరిగితే అది దూరే నీడిల్ జెట్ కూడా అరిగే ఉంటుంది, రెండూ జతగా కొనండి.

నిజంగా కార్బరేటర్ బాడీ మార్చాల్సింది, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే స్లైడ్ ఆడే గోడ అరిగినప్పుడే. స్లైడ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపితే టకటకమంటుంటే గాలి లోపలికి పోతున్నట్టే, కొత్త స్లైడ్ వేసినా ఆ ఖాళీ పూర్తిగా పోదు. తీరం దగ్గర బళ్లకి ఉప్పుగాలితో బాడీ మీద తెల్ల పొడి పడుతుంది, అది పైపైనే ఉంటే కడిగితే పోతుంది, భయం లేదు.

కొనేటప్పుడు పాత పార్టు చేతిలో పట్టుకెళ్లండి. "బుల్లెట్ కార్బరేటర్ పార్ట్స్ ఇవ్వండి" అంటే సరిపోదు, బుల్లెట్‌కి అన్నేళ్లూ ఒకే కార్బరేటర్ రాలేదు, బాడీ మీద ఉన్న పేరూ నంబరూ చెప్పాలి. నెల్లూరులో దొరక్కపోతే పొద్దున్నే రైలెక్కి చెన్నై వెళ్లండి. పాత సామానుకి పుదుపేట, కొత్త స్పేర్లకి జనరల్ పాటర్స్ రోడ్డు.

బిగించాక ఓ పది కిలోమీటర్లు నడిపి ప్లగ్గు విప్పండి. కాఫీ పొడి రంగుంటే సరిగ్గా ఉంది. నల్లగా మసి పడితే పెట్రోల్ ఎక్కువ వెళ్తున్నట్టు, జెట్ నీడిల్ క్లిప్ ఒక గాడి పైకి వేయండి. తెల్లబడి ఉంటే పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైనట్టు, ఆ బండిని ఇంకో కిలోమీటరు కూడా తోలొద్దు, ముందు కార్బరేటర్‌ని ఇంజన్‌కి కలిపే మానిఫోల్డ్ రబ్బరు పగిలిందేమో చూడండి.