చలికాలంలో దేవమాలి ఎక్కుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సాలూరులో ఎండ కాస్తోందని కొరాపుట్ కూడా అలాగే ఉంటుందనుకోకండి. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండ ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. 1000 మీటర్లు పైకెళ్తే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు శిఖరం మీద గాలి.

• అన్నిటికంటే భయపడాల్సింది పొగమంచుకే. మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, బరువెక్కిన చల్లగాలి లోయల్లోకి జారి అక్కడే పేరుకుంటుంది, అందులోని తేమ పొగమంచవుతుంది. అందుకే తెల్లవారుజామున శిఖరం తేటగా ఉన్నా, కింద రోడ్డు కనిపించదు. సూర్యోదయం చూడాలనే తొందరలో చీకట్లో సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే సుంకి ఘాట్ రోడ్డు ఎక్కొద్దు. ముందురోజు సాయంత్రానికే ఘాట్ దాటాక వచ్చే సిమిలిగుడ ఊరు చేరి పడుకోండి. తప్పనిసరై వస్తే లో బీమ్ లైట్లు వేసుకోండి. హై బీమ్ వేస్తే మంచు మీద వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది.

• దిగేటప్పుడు గేరులోనే దిగండి, న్యూట్రల్ వద్దు.

• స్వెట్టర్, మంకీ క్యాప్, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్.

• రాత్రి తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకోకండి, దయచేసి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

• వంట అక్కడే చేసుకుంటే ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి. ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు ఉడకడం ఆలస్యం.

• దారిలో వలిసె పూలు కనిపిస్తే గట్టు మీద నుంచే ఫొటో తీసుకోండి. ఆ పసుపంతా ఒక రైతు కుటుంబానికి నూనెగింజల పంట.