పౌరుడి సాక్ష్యం, సైనిక దర్యాప్తు: ఫైలును చదవవలసిన తీరు

ఆకాశంలో గుర్తు తెలియని వస్తువును చూశానని ఒక పౌరుడు చెబితే సైన్యం దానిపై ఎలా దర్యాప్తు చేసిందో తెలుసుకోవడానికి అమెరికా వాయుసేన ఫైళ్ళు మంచి ఆధారం. 1952 నుంచి 1969 వరకు ఇలాంటి నివేదికలపై వాయుసేన సాగించిన దర్యాప్తు కార్యక్రమం ‘ప్రాజెక్ట్ బ్లూ బుక్’ ముగిసేనాటికి, 1947 నుంచి వచ్చినవన్నీ కలిపి 12,618 నివేదికలు లెక్కకు రాగా, వాటిలో 701 తేలకుండా మిగిలాయి. ఆ కాగితాలు నేడు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఎవరైనా చూడవచ్చు.

ఫైలు తెరవగానే తుది నిర్ణయం కోసం వెతకకండి. సాక్షి స్వయంగా రాసి ఇచ్చిన వాంగ్మూలాన్ని ముందుగా చదివి, అందులో అతడు కొలిచినదేదో, అంచనా వేసినదేదో వేరు చేయండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వతం దగ్గర 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ తన సొంత విమానంలో వెళ్తూ, మిలమిల మెరుస్తూ దూసుకుపోతున్న తొమ్మిది వస్తువులను చూశాడు. అవి రెయినియర్ నుంచి ఆడమ్స్ పర్వతం దాకా వెళ్ళడానికి 1 నిమిషం 42 సెకన్లు పట్టినట్లు గడియారంలో చూసుకున్నాడు. ఇది కొలత. అవి తనకు 20 నుంచి 25 మైళ్ళ దూరంలో ఉన్నాయనడం, శిఖరాలను ఆనవాలుగా పెట్టుకొని వేసిన అంచనా. గంటకు దాదాపు 1,700 మైళ్ళన్న వేగం ఆ అంచనా మీదే నిలబడింది.

ఆ తరువాత, విచారణాధికారి ఏ విషయానికి పూచీ పడ్డాడో గమనించండి. ఆర్నాల్డ్‌తో మాట్లాడిన సైనిక గూఢచార అధికారి, అతడు చూశానని చెప్పినది నిజంగానే చూశాడని తన అభిప్రాయంగా నమోదు చేశాడు. అది సాక్షి నిజాయితీకి పూచీయే తప్ప దూరానికీ వేగానికీ కాదు. ఈ తేడా మరచిపోవడం వల్లనే అనేక వాదాలు దారి తప్పుతున్నాయని నా నమ్మకం.

ఇక మీరే లెక్క కట్టండి, ఎందుకంటే ఫైలు చదవడంలో అసలు పని ఇక్కడే ఉంది. ఆర్నాల్డ్ చెప్పిన ప్రకారం ఒక్కో వస్తువు పొడవు 45 నుంచి 50 అడుగులు. 25 మైళ్ళ దూరాన 50 అడుగుల వస్తువు, నిండు చంద్రుడి వెడల్పులో ఇరవయ్యో వంతు కూడా కనిపించదు. అంత చిన్నదాని ఆకారాన్ని కంటితో పోల్చుకోవడం కష్టం. వాయుసేనకు సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్, చెప్పిన పొడవుకూ దూరానికీ మధ్య ఉన్న ఈ పొసగనితనాన్నే ఎత్తిచూపాడు. ఆ వస్తువులు నాలుగో వంతు దూరంలోనే ఉండి ఉంటే, వేగమూ నాలుగో వంతుకు, అంటే గంటకు దాదాపు 400 మైళ్ళకు, దిగిపోతుంది. ఆ కాలపు విమానాలకు అది అసాధ్యమైన వేగమేమీ కాదు.

చివరగా, వాయుసేన తన నిర్ణయాన్ని గుర్తుపెట్టే నమోదు కార్డు చూడండి. బెలూన్, విమానం, ఖగోళ వస్తువు అనే గడుల్లో ‘అదే’, ‘బహుశా అదే’, ‘అయి ఉండవచ్చు’ అని మూడేసి మెట్లుంటాయి. వాటిని ఒకటిగా చదవరాదు. ‘సమాచారం చాలదు’ అన్న గడి వేరు, ‘తెలియదు’ అన్న గడి వేరు. ఆర్నాల్డ్ ఉదంతాన్ని వాయుసేన చివరకు ఎండమావిగా తేల్చింది. ఆ మాట దగ్గర ఆగిపోకుండా, దాన్ని నిలబెట్టే వాతావరణ వివరాలు అదే ఫైలులో ఉన్నాయో లేదో వెతకండి.