పన్నెండు తీగల గిటార్‌కి కాస్త ఊపిరి ఆడనివ్వండి

మంచి పన్నెండు తీగల గిటార్ చేతికి రాగానే నేరుగా మామూలు శ్రుతికి బిగించేయకండి, నేనదే చేస్తే జి జతలోని (తీగలు రెండేసి చొప్పున ఆరు జతలుగా ఉంటాయి) సన్న తీగ టప్పున తెగి చేతికి తగిలింది. అది తన జోడీ తీగ కన్నా ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన పలకాలి, అంటే చిట్టచివరి సన్న ఇ తీగ కన్నా కూడా పైన, అందుకే ఎప్పుడూ ముందు పోయేది అదే. అన్ని తీగలూ రెండు ఫ్రెట్‌ల మేర కిందికి దించి (ఇ బదులు డి), రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. శ్రుతి మామూలుగానే వస్తుంది, మెడ మీద, బ్రిడ్జి (పై చెక్క మీద తీగల్ని పట్టి ఉంచే ముక్క) మీద టెన్షన్ బాగా తగ్గుతుంది. ఖరీదైన వాటిలో పై చెక్కని పల్చగా చెక్కుతారు, ఆ గంటలు మోగినట్టుండే నాదానికి అదీ ఒక కారణం, కానీ లాగుడు ఎక్కువైతే బ్రిడ్జి వెనక ఉబ్బేదీ అదే చెక్క.

ట్యూన్ చేసేటప్పుడు జతలో ఒక తీగని వేలితో ఆపి రెండోదాన్ని కింది నుంచి పైకి తీసుకురండి. బి, ఇ జతల్లో రెండు తీగలదీ ఒకే స్వరం, వాటి మధ్య వెంట్రుకవాసి తేడా మిగిలినా కంగారొద్దు, ఆ మెరుపు అక్కడిదే.