ఆపద వేళ మనం – పాఠం 3: 108కు చిరునామా చెప్పడం

గత పాఠంలో ప్రమాద లక్షణాలు గుర్తుపట్టడం చూశాం. ఈసారి ఫోన్ చేయడం. ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది కానీ, విలువైన నిమిషాలు ఇక్కడే పోతుంటాయి.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మీరు ఫోన్ చేస్తే ఎత్తేది మీ మండల ఆసుపత్రిలో మనిషి కాదు, ఎక్కడో కాల్ సెంటర్లో కూర్చున్న మనిషి. మీ ఊరి రామాలయం ఎక్కడుందో పాపం వాళ్లకేం తెలుసు! "కొత్తపల్లి నుంచండీ, తొందరగా రండి" అంటే కరీంనగర్ పక్కన ఒక కొత్తపల్లి ఉంది, కాకినాడ తీరాన యు.కొత్తపల్లి ఉంది, నంద్యాల జిల్లాలో ఇంకొకటి ఉంది. "ఏ మండలం?" అని అడిగితే టెన్షన్‌లో మనకు కోపం వస్తుంది. అది నిర్లక్ష్యం కాదు, బండిని సరైన చోటికి పంపాలనే తాపత్రయం.

అందుకే పెద్దది ముందు, చిన్నది తర్వాత చెప్పండి. ఇలా:

"కాకినాడ జిల్లా, పిఠాపురం మండలం, ఫలానా ఊరు. వాటర్ ట్యాంకు దాటాక ఎడమ చేతి వైపు రెండో సందు. మా నాన్నగారు, అరవై ఏళ్లు. గుండెలో నొప్పి, చెమటలు పడుతున్నాయి. స్పృహలోనే ఉన్నారు."

హైవే మీద అయితే దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఏముందో చదవండి. ప్రమాదం విజయవాడ వైపు వెళ్లే దారిలోనా, హైదరాబాద్ వైపు వెళ్లే దారిలోనా అన్నదీ చెప్పాలి. మధ్యలో డివైడర్ ఉంటే అవతలి వైపు వచ్చిన బండి ఎంతో దూరం పోయి తిరిగి రావాలి మరి.

వాళ్లు చాలనేదాకా ఫోన్ పెట్టేయకండి. పెట్టేశాక అదే ఫోన్‌తో బంధువులకు కబురు చెప్పడం మొదలుపెట్టొద్దు. దారి తెలియకపోతే బండిలోని పైలట్, అంటే డ్రైవరు, లేదా రోగిని చూసుకునే ఈఎంటీ ఆ నంబరుకే చేస్తారు. ఒకరిని మెయిన్ రోడ్డు మీదికి పంపండి, రాత్రయితే టార్చితో.

ఈ వారం అభ్యాసం: మీ ఇంటి చిరునామాను పై వరసలో కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఇంట్లో పిల్లల చేత, పెద్దవాళ్ల చేత పైకి చదివించండి. ఎక్కడ తడబడ్డారో ఆ మాట మార్చి రాయండి.

వచ్చే పాఠం: బండి వచ్చేలోగా శ్వాస ఆగిపోతే ఛాతీ నొక్కడం, నిమిషానికి 100 నుంచి 120 సార్లు.