పాత ఎయిర్‌కూల్డ్ బండిలో ఇంజన్ ఆయిల్ ఎంత వేడిగా ఉండాలి, ఆ వేడిని ఇంట్లోనే ఎలా కొలవాలి

నాలుగు స్ట్రోకుల పాత ఎయిర్‌కూల్డ్ మోటారు సైకిలు అరగంటసేపు నడిచి పూర్తిగా వేడెక్కిన తర్వాత దాని సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గదిలోని) ఆయిల్ 80 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండటం సహజం. మే నెల ఎండలో ఇద్దరు కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు అది 120 వరకు చేరినా కొద్దిసేపటికి భయపడనవసరం లేదు. 130 దాటి అక్కడే నిలబడితే మాత్రం బండిని ఆపవలసిందే. క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్, హీరో హోండా సి.డి. 100, స్ప్లెండర్, తొలి తరం పల్సర్ వంటి బళ్లన్నిటికీ ఈ అంకెలు ఇంచుమించుగా వర్తిస్తాయి. ఆర్.ఎక్స్. 100, ఎజ్డీ వంటి రెండు స్ట్రోకుల బళ్లలో ఆయిల్ పెట్రోలుతో పాటే కాలిపోతుంది కనుక వాటికి ఈ లెక్క పనికిరాదు.

అంకెలు తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. నా బుల్లెట్‌లో ఒక వేసవిలో ఆయిల్ 109 డిగ్రీలు చూపించింది. పైన చెప్పిన హద్దుల ప్రకారం అది సహజమే, కాని బండిలో నిజంగానే ఒక లోపం ఉంది. ఆ సంగతి ఎలా తెలిసిందో చెప్పే ముందు ఈ హద్దులు ఎందుకు వచ్చాయో చూద్దాం.

ముందుగా కింది హద్దు సంగతి చెబుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవారు చాలా తక్కువ. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా బయటికి పోయినా, కొంత పిస్టన్ రింగులను దాటి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి దిగుతుంది. ఆయిల్ 80 డిగ్రీలు దాటి కొంతసేపు నిలబడితేనే ఆ నీరు, దానితో పాటు దిగిన పెట్రోలు మళ్లీ ఆవిరై బ్రీదర్ గొట్టం ద్వారా బయటపడతాయి. విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఇంటి నుంచి రైతు బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకుని బండి పెట్టేస్తే ఆయిల్ 50 డిగ్రీలు దాటదు. పది రోజులు అలా తిప్పాక ఆయిల్ పోసే మూత విప్పి చూడండి: మూత లోపలి వైపు మజ్జిగ మీద తేలే వెన్నలాంటి లేత పసుపు పొర వేలికి అంటుకుంటుంది. ఆయిల్, నీరు కలిసి తయారైనదే అది. ఆ నీటిలో దహనం వల్ల పుట్టిన ఆమ్లాలు చేరి బేరింగులను, క్యామ్‌ను నెమ్మదిగా తింటాయి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, రాత్రిపూట ఇంజన్ చల్లబడుతున్నప్పుడు లోపలికి పీల్చుకునే గాలి వల్ల కూడా ఈ నీరు కొంత పెరుగుతుంది. చిన్న దూరాలకే వాడే బండిని వారానికి ఒక్కసారైనా ఆగకుండా ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు నడపడం దానికి అసలైన మందు. నిలబెట్టి పది నిమిషాలు ఇంజన్ తిప్పితే ఈ పని జరగదు, ఎందుకంటే పైన సిలిండర్ హెడ్ కాలిపోతున్నా కింద ఆయిల్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది.

పై హద్దు పలుచదనానికి సంబంధించినది. 20డబ్ల్యు-50 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 16.3 సెంటీస్టోక్సులకు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గకూడదు, 21.9 కంటే తక్కువగా ఉండాలి. అదే ఆయిల్ 120 డిగ్రీలకు చేరేసరికి ఇంచుమించు 11 లేదా 12కి పడిపోతుంది, అంటే 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు ఆయిల్ ఎంత పలుచగా ఉంటుందో అంత పలుచనైపోతుంది. పైగా సంపులో మనం కొలిచేది అంతటా తిరిగి వచ్చి కలిసిన ఆయిల్ సగటు వేడి మాత్రమే. కనెక్టింగ్ రాడ్ కింది చివర దగ్గర, ఎగ్జాస్ట్ వాల్వు చుట్టూ, పిస్టన్ అడుగున ఆయిల్ అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క వేస్తారు. అందుకే 130 దగ్గర రోజూ నడిచే మినరల్ ఆయిల్ త్వరగా మాడు వాసన వేసి జిగటగా తయారవుతుంది.

ఇప్పుడు కొలత. చేత్తో ముట్టుకుని చూసే అలవాటు మనందరికీ ఉంది, కాని 60 డిగ్రీల లోహం మీదే చెయ్యి రెండు, మూడు క్షణాలకు మించి నిలవదు కనుక 80కి, 120కి తేడా చెయ్యి చెప్పలేదు. దోసె పెనం మీద నీళ్లు చిలకరించినట్టు తడి వేలితో ఒక్క చుక్క ఇంజన్ కింది కేసు (ఆయిల్ గది బయటి గోడ) మీద వేస్తే, చుయ్‌మని లేస్తే అక్కడ 100 దాటిందని, నెమ్మదిగా ఆరితే దాటలేదని మాత్రం తెలుస్తుంది. దారిలో అంతకు మించిన సాధనం లేనప్పుడు ఇది పనికివస్తుంది.

నేను నమ్మేది సన్నని లోహపు కడ్డీ ఉన్న వంటింటి థర్మామీటరు. అది 150 డిగ్రీలకు పైగా చూపగలిగేదై ఉండాలి. కొన్న రోజునే దాన్ని మరుగుతున్న నీటిలో ముంచి పరీక్షించండి. విశాఖ సముద్ర మట్టంలోనే ఉన్న ఊరు కాబట్టి ఇక్కడ నీరు 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. (ఇదే పరీక్ష అరకులో చేస్తే, ఆ ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కనుక, దాదాపు 97 దగ్గరే మరుగుతుంది.) థర్మామీటరు 103 చూపిస్తే ఆ మూడు డిగ్రీలను ప్రతి కొలతలోనూ తీసివేయండి. ఆ తర్వాత బండిని కనీసం అరగంటసేపు ఒకే తీరుగా నడిపి, నీడలో ఆపి, ఇంజన్ పూర్తిగా కట్టేసి, చేతికి మందమైన గుడ్డ చుట్టుకుని డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఉన్న మూత విప్పండి. కడ్డీ కొన ఆయిల్‌లో మునిగేలా, లోహానికి తగలకుండా నిలిపి, అంకె కదలడం మానేవరకు, అంటే సుమారు అర నిమిషం ఆగండి. మూత తీశాక ఆలస్యం చేస్తే అంకె పడిపోతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే వేగంతో ఈ పని చేయాలి. ఇంజన్ తిరుగుతుండగా మూత విప్పకూడదు, కాగిన ఆయిల్ ముఖం మీదికి చిమ్ముతుంది.

తుపాకిలా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే పని ఇంకా తేలిక, కాని దానికి ఒక పెద్ద లోపం ఉంది. మెరిసే అల్యూమినియం మీద అది అసలు వేడి కంటే ఎంతో తక్కువ చూపించి మోసపుచ్చుతుంది. సంపు కింది భాగంలో రూపాయి బిళ్లంత మేర సైలెన్సర్‌కు వేసే మెరుపులేని నల్ల రంగు పూసి, ఆరాక ఎప్పుడూ ఆ మచ్చనే, నాలుగు అంగుళాల దూరం నుంచి కొలవండి. కేసు బయటి వేడి ఆయిల్ వేడి కంటే సాధారణంగా కొంత తక్కువగా ఉంటుంది. ఆ తేడా ఎంతో ఒకసారి కడ్డీ థర్మామీటరుతో సరిచూసుకుంటే తర్వాత మూత విప్పే అవసరం ఉండదు. స్పార్క్ ప్లగ్ కింద వాషరులా బిగించే మీటరు చూపేది మాత్రం హెడ్ వేడి. దాన్ని ఆయిల్ వేడిగా భావించి కంగారుపడకండి.

కొలిచిన ప్రతిసారీ అదే సమయానికి నీడలో గాలి ఎంత వేడిగా ఉందో కూడా ఒక పుస్తకంలో రాసుకోండి. ఆయిల్ వేడి నుంచి గాలి వేడిని తీసివేస్తే వచ్చే తేడాయే మీ బండి అసలు లక్షణం. ఎయిర్‌కూల్డ్ ఇంజన్‌లో బయటి వేడి పది డిగ్రీలు పెరిగితే, నడిపే తీరు మారనంత వరకు, ఆయిల్ వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది, తేడా మాత్రం దాదాపుగా నిలకడగా ఉంటుంది. నా బుల్లెట్ మీద ఒక్కడినే బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు యాభై, యాభై ఐదు వేగంతో వెళ్లినప్పుడు జనవరి ఉదయం గాలి 22, ఆయిల్ 82. అక్టోబరులో గాలి 31, ఆయిల్ 91. రెండుసార్లూ తేడా 60. సింహాచలం కొండ మీదికి ఇద్దరం ఎక్కినప్పుడు ఆ తేడా 73 దాకా పోతుంది. ఏ దారికి ఆ దారి లెక్క వేరుగా పెట్టుకోవాలి.

ఉక్కపోత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాలిలో తేమ వల్ల మన చెమట ఆరదు, కాబట్టి మనకు ప్రాణం విసిగిపోతుంది. ఇంజన్‌కు చెమట పట్టదు, తేమగాలి అయినా పొడిగాలి అయినా ఫిన్నుల (సిలిండర్ చుట్టూ ఉండే లోహపు రెక్కల) నుంచి వేడిని దాదాపు సమానంగానే లాక్కుపోతుంది. అందువల్ల విశాఖలో ఉక్కగా ఉన్న రోజున బండి ఎక్కువ కాగుతోందని మనకు అనిపించేది మన ఒంటి బాధే తప్ప బండి బాధ కాదు.

ఇక ఆ 109 డిగ్రీల కథ. అది కూడా భీమిలి దారే, అదే వేగం, గాలి 33. తేడా 76 వచ్చింది. పుస్తకంలో రాసుకోకపోయి ఉంటే నేను దాన్ని గమనించేవాడిని కాను. అంతకు వారం ముందే సర్వీసింగ్ చేసిన మెకానిక్‌ను అడిగితే “ఎండలు కదా సార్, ఏ బండైనా వేడెక్కుతుంది” అన్నాడు. కాని ఎండ లెక్క తీసేశాకే ఆ 76 మిగిలింది. ఇంటికి వచ్చి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే బిళ్లల) మధ్య 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండవలసిన సందు అందులో సగం కూడా లేదు. క్యామ్ మీద గ్రీజు లేక, దాన్ని ఒరుసుకుంటూ ఉండే పాయింట్ల ఫైబరు మడమ అరిగిపోయింది. మడమ అరిగేకొద్దీ సందు మూసుకుపోతుంది, స్పార్క్ ఆలస్యంగా పడుతుంది. మంట పిస్టన్‌ను తోసే పని పూర్తిచేయకుండానే ఎగ్జాస్ట్ వైపు వెళ్లి హెడ్‌ను కాలుస్తుంది, ఆ వేడి ఆయిల్‌కు దిగుతుంది. కొత్త పాయింట్లు వేసి, మడమ మీద రవ్వంత గ్రీజు రాసి, టైమింగ్ సరిచేసి మళ్లీ అదే దారిలో వెళ్లి వచ్చాను. తేడా 61కి వచ్చింది.

మీ పుస్తకంలో తేడా అకస్మాత్తుగా 10 డిగ్రీలు దాటి పెరిగితే మొదట ఆయిల్ మట్టం చూడండి, ఎందుకంటే ఉన్న కాస్త ఆయిల్ అదే వేడినంతా మోయవలసి వస్తుంది. తర్వాత బండిని స్టాండు మీద పెట్టి చక్రాలను చేత్తో తిప్పండి. పట్టేసిన బ్రేకు, బిగిసిన గొలుసు ఇంజన్ మీద వేసే బరువు ఎంతో తిప్పిన వెంటనే తెలుస్తుంది. ఫిన్నుల సందులను తప్పక చూడండి. పోర్టు, మల్కాపురం వైపు తిరిగే బళ్ల ఫిన్నుల మీద ఆయిల్ చెమ్మకు నల్లని దుమ్ము అంటుకుని దుప్పటిలా పేరుకుంటుంది, దాన్ని ఇంజన్ చల్లబడ్డాక కిరోసిన్, పాత పళ్ల బ్రష్షు పెట్టి తీయాలి. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని ఇనుప ఫిన్నుల మీద పూత మీద పూత రంగు వేయడం కూడా తప్పే. వేడిని తట్టుకునే మెరుపులేని నల్ల రంగు ఒక్క పలుచని పూత చాలు. ఇవన్నీ సరిగా ఉంటేనే టైమింగ్, టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు), కార్బొరేటర్ దగ్గరికి వెళ్లండి. ప్లగ్ కొన సున్నంలా తెల్లబడి ఉంటే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని అర్థం, ఇన్‌లెట్ గొట్టం దగ్గర గాలి లీకు కూడా అందుకు కారణం కావచ్చు.

ఆయిల్ ఎంపికలో కంపెనీ పుస్తకం చెప్పిన గ్రేడునే వాడండి. వేడి తగ్గుతుందని మరీ చిక్కటి ఆయిల్ పోస్తే అది తిరగడానికే ఇంజన్ ఎక్కువ శ్రమపడి ఇంకా వేడెక్కుతుంది. స్ప్లెండర్ వంటి బళ్లలో క్లచ్, గేర్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కనుక జె.ఎ.ఎస్.ఓ. ఎం.ఎ. ముద్ర (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు తగినదని చెప్పే గుర్తు) ఉన్న ఆయిలే పోయాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు, జారే క్లచ్ మరింత వేడి పుట్టిస్తుంది. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో గేర్‌బాక్సు, క్లచ్ గది ఇంజన్ ఆయిల్‌కు వేరుగా ఉంటాయి కాబట్టి ఆ చిక్కు లేదు.

అరకు ఘాట్‌లోనో, సింహాచలం మలుపుల్లోనో టాపెట్ల మోత పెరిగి, యాక్సిలరేటర్ తిప్పితే టింగు టింగుమని లోహపు శబ్దం వచ్చి, బండి లాగడం తగ్గితే ఆయిల్ హద్దు దాటుతోందని భావించండి. పై గేరులో గుంజుకుంటూ ఎక్కకుండా ఒక గేరు దించి, ఇంజన్‌ను తేలికగా తిరగనివ్వాలి. అప్పటికీ శబ్దం తగ్గకపోతే గాలి ఆడే నీడ చూసుకుని ఆపి, ఇంజన్ కట్టేసి, ఇరవై నిమిషాలైనా వదిలేయండి. ఆత్రం కొద్దీ సిలిండర్ మీద నీళ్లు మాత్రం పోయకండి: కాగిన ఇనుము ఒక పక్క ఒక్కసారిగా ముడుచుకుని పగలవచ్చు. మళ్లీ బయలుదేరే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం, వాసన రెండూ చూడండి. మాడు వాసన వస్తే ఇంటికి చేరిన రోజునే, కిలోమీటర్ల లెక్కతో పని లేకుండా, ఆ ఆయిల్‌ను వేడిగా ఉండగానే వంపేసి కొత్తది పోయండి.