భజన నేర్చుకుందాం – నాలుగో పాఠం: అందుకోవడం

గడిచిన మూడు పాఠాల్లో శ్రుతికి గొంతు కలపడం, చేత్తో ఆదితాళం వేయడం, తాళాలను మోగించడం, మూయడం నేర్చుకున్నాం. ఈసారి భజనలో అన్నిటికన్నా ముఖ్యమైన పని చూద్దాం. ముందు పాడేవారు ఒక పంక్తి పాడి వదలగానే మిగిలినవారంతా దాన్ని అందుకోవడమే ఆ పని.

ముందు పాడే గొంతు ఎంత గొప్పదైనా, వెంట పాడేవారు తడబడితే భజన సాగదు. వెంట పాడేవారు నిలకడగా ఉంటే మామూలు గొంతు కూడా ఏడు రోజులు ఆగకుండా సాగే సప్తాహాన్ని నడిపించగలదు. కోవెలలో వెనుక వరుసన కూర్చున్నామని చిన్నబుచ్చుకునేవారికి ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. పాటను మోసేది మీరే.

సాధనకు అందరికీ వచ్చిన షోడశ నామాన్నే తీసుకుందాం. పదహారు నామాలు, ఒక్కో నామానికి రెండు అక్షరాలు. తాళంలో ఒక్కో నామానికి రెండు క్రియలు, అంటే రెండు చేతి కదలికలు, ఇవ్వండి. ‘హరే రామ’ అంటూ దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ ‘హరే రామ’ అంటూ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఈ ఎనిమిది క్రియలు ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు. ‘రామ రామ హరే హరే’ రెండో ఆవర్తం. ముందు పాడేవారు ఈ రెండు ఆవర్తాలు పాడతారు, మీరు అవే రెండు తిరిగి పాడతారు. ‘హరే కృష్ణ’ భాగం కూడా ఇలాగే సాగుతుంది.

ఇప్పుడు కీలకం. వాళ్లు చివరి ‘హరే’ దగ్గరికి వచ్చేసరికి మీ చేతిలో చివరి దెబ్బ పడుతుంది. ఆ దెబ్బ మీద ఊపిరి తీసుకోవాలి. తిప్పు మీద నోరు సిద్ధంగా ఉండాలి. మళ్లీ లఘువు దెబ్బ, అంటే ఆవర్తపు మొదటి దెబ్బ, పడేటప్పుడు ‘హ’ అనే అక్షరం సరిగ్గా దానిమీదే పలకాలి. వాళ్లు పూర్తిగా ఆపాక ఊపిరి తీసుకోవడం మొదలుపెడితే అర క్రియ ఆలస్యమవుతుంది. ఆ ఖాళీలో నామం తెగుతుంది, మృదంగం ఒంటరిదవుతుంది. ముందు పాడేవారి ‘రే’ ఇంకా వినిపిస్తుండగానే మీ గొంతులు వచ్చి చేరడం తప్పేమీ కాదు. అదే అందం.

అన్ని పాటలూ ఇలా దెబ్బతోనే మొదలుకావు. పాట, తాళం ఒకేసారి మొదలైతే సమం. తాళం ముందు పడి, పాట కొంత ఆగి మొదలైతే అనాగతం. అనాగతంలో ఉన్న పల్లవిని బృందం అలవాటు కొద్దీ సమానికి లాగేయడం చాలాచోట్ల వింటాం. పాట ఎక్కడ ఎత్తుకోవాలో తెలియకపోతే మొదటిసారి నోరు మెదపకండి. తాళం మాత్రమే వేస్తూ వినండి, రెండోసారి పాడండి.

ఇక పరుగు సంగతి. భజన తెలియకుండానే వేగమెక్కుతుంది. నెపం మృదంగం వాయించేవారి మీదకు నెడతారు గానీ, ఎక్కువసార్లు కారణం వెంట పాడేవారి దీర్ఘాలే. ‘హరే’లో ‘రే’ దీర్ఘం. చివర దాన్ని కొరికేసి ఆపితే, ముందు పాడేవారు తమ వంతు వచ్చిందనుకుని కాస్త ముందే ఎత్తుకుంటారు. ఆ కాస్తే ప్రతి తిరుగుడులోనూ కలుస్తూ పోతుంది. పావుగంటలో నామాల స్థానంలో కేక మిగులుతుంది. మందు ఒకటే. తిప్పు పూర్తయ్యేదాకా ‘రే’ వదలకండి. వేగం పెంచకూడదని కాదు. పెంచాలి, పెంచితేనే ఉత్సాహం. కానీ ఆ నిర్ణయం ముందు పాడేవారిదీ మృదంగానిదీ. వాళ్లు పెంచినప్పుడే పెరగాలి.

లయకు మన విజయనగరం ఇచ్చిన గౌరవం చిన్నది కాదు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల నెలకొన్నప్పుడు తొలి ప్రిన్సిపాల్‌ ఆదిభట్ల నారాయణదాసు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి హరికథ చెప్పిన ఆయన పాట, అడుగు, తాళం మూడూ ఒంటిచేత్తో నడిపారు. భజనలో ఆ పనులను పదిమంది పంచుకుంటాం. పని తేలికవుతుంది గానీ, పదిమంది ఒకే లెక్కలో ఉండటం మరో కష్టం.

ఆ కష్టం ధనుర్మాసపు నగర సంకీర్తనలో బాగా తెలుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఊరేగింపు 70 మీటర్ల పొడవు సాగితే, ముందున్నవారి దెబ్బ వెనుకవారికి సెకనులో అయిదో వంతు ఆలస్యంగా చేరుతుంది. ద్రుత కాలంలో, అంటే వేగంగా పాడేటప్పుడు, అది దాదాపు అర క్రియ. గంటస్తంభం వైపు ఇరుకు వీధుల్లో మలుపు తిరిగితే ముందువాళ్ల గొంతు గోడల వెనుక ఉండిపోతుంది. కాబట్టి తాళాలు, మృదంగం పట్టినవారిని ముందు వరుసలో కాక నడిమధ్య నడిపించండి. వరుసను కుదించండి. దూరంగా కట్టిన మైకు హారన్‌ను నమ్మి పాడకండి, పక్క మనిషి చేతిని చూసి పాడండి.

కోవెలలో మైకు ఒక్కటే ఉంటే అది ముందు పాడేవారికే పోతుంది. నా సలహా, రెండోది అద్దెకు తెచ్చి వెంట పాడేవారి మధ్య పెట్టండి. ఊరికి వినిపించాల్సింది ఒక్క గొంతు కాదు.

ఆడవారు, మగవారు కలిసి పాడేచోట శ్రుతి తగాదా వస్తుంది. శ్రుతిపెట్టె లెక్కలో మగవారికి ఒకటి, రెండు శ్రుతులు హాయి, ఆడవారికి అయిదు, అయిదున్నర. ఎవరు ముందు పాడితే వారి శ్రుతే ఉంచండి. పై స్థాయి అందనివారు కింది స్థాయిలో పాడితే సరిపోతుంది.

ఒక రోజంతా సాగే ఏకాహం, సప్తాహాల్లో జట్టు మారేటప్పుడు అందుకోవడానికి అసలు పరీక్ష. వచ్చే జట్టు వెనుక కూర్చుని, నాలుగైదు తిరుగుళ్లు పాత జట్టుతోనే పాడాలి. ముందు గొంతులు కలవాలి, తర్వాత ముందుపాట మారాలి, అందరికన్నా చివర తాళాలు చేతులు మారాలి. తాళాలు ముందే తీసుకుంటే కొత్త చేతి వేగం, పాత గొంతు వేగం ఢీకొంటాయి.

ఈ వారం సాధన ఇద్దరితో చేయండి. ఒకరు రెండు ఆవర్తాలు పాడాలి, ఒకరు అందుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసి, మొదటి నిమిషంలో ఎన్ని ఆవర్తాలు వచ్చాయో, పదో నిమిషంలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. రెండు లెక్కలూ సమానమయ్యాక వంతులు మార్చుకోండి. వచ్చే పాఠంలో ఏడు అక్షరాల మిశ్రచాపు మొదలుపెడదాం. దానికి చేతి లెక్క మూడు, నాలుగుగా విడదీసి కొట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.