కారు టైర్లు నాలుగూ ఒకే వెడల్పా, వెనకవి వెడల్పా? తేల్చుకోవడం ఎలా?

వెనక చక్రాలు వెడల్పుగా ఉన్న కారు ఆగి ఉన్నా పరుగుకు సిద్ధంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ అందానికి పడిపోయి అలాయ్ వీల్స్ కొనేముందు ఒక అరగంట లెక్కలకు కేటాయించండి. నాలుగూ ఒకే కొలతలో ఉంటే స్క్వేర్ అనీ, వెనకవి వెడల్పుగా ఉంటే స్టాగర్డ్ అనీ అంటారు.

1. ఇంజిను ఏ చక్రాలను తిప్పుతోందో చూడండి

స్విఫ్ట్, బలెనో, ఐ20 వంటి కార్లలో ఇంజిను ముందు చక్రాలనే తిప్పుతుంది. కారును లాగడం, మలుపు తిప్పడం, బ్రేకు భారంలో పెద్ద వాటా మోయడం అన్నీ ముందు టైర్ల పనే. అలాంటప్పుడు వెనక టైర్లను వెడల్పు చేస్తే ఒరిగేదేమీ లేదు. పైగా మలుపులో ముందు టైర్ల పట్టు త్వరగా సడలి, స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగదు. ఈ కార్లవాళ్లు నిశ్చింతగా నాలుగూ ఒకటే కొనుక్కోవచ్చు.

వెనక చక్రాలతో నడిచే కార్ల సంగతి వేరు. పోర్షె 911లో ఇంజిను వెనక ఇరుసును దాటి ఉంటుంది, బరువులో ఎక్కువ భాగం వెనక టైర్ల మీదే పడుతుంది. అందుకే 992 తరం కరెరా ఎస్‌కు ముందు 245, వెనక 305 మిల్లీమీటర్ల టైర్లు. అలాగని వెనక చక్రాలతో నడిచేవన్నీ స్టాగర్డే కావాలని లేదు. మాజ్డా ఎంఎక్స్-5 తేలికైన కారు, దానికి నాలుగూ ఒకే కొలత.

2. కంపెనీ ఏం చెప్పిందో చదవండి

డ్రైవర్ తలుపు తీస్తే సాధారణంగా అక్కడే టైరు కొలతల స్టిక్కర్ ఉంటుంది. లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకం చూడండి.

3. టైరు ఎత్తు లెక్కగట్టండి

షాపుల్లో చాలామంది దాటేసే మెట్టు ఇదే. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌కు ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18 వచ్చే జోడీని తీసుకుందాం. 225 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 45 అంటే ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 18 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. 225లో 45 శాతం అంటే 101.25 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 202.5. 18 అంగుళాల రిమ్ 457.2. మొత్తం 659.7. వెనక టైరుకూ ఇలాగే వేస్తే 661.2 వస్తుంది. తేడా ఒకటిన్నర మిల్లీమీటరే.

వెడల్పు పెంచి, 45ను అలాగే ఉంచారనుకోండి. 255/45 ఎత్తు 686.7 అవుతుంది. ముందు టైరు కన్నా 27 మిల్లీమీటర్లు, అంటే 4 శాతం ఎక్కువ. ముందు, వెనక చక్రాల వేగం ఒకటి కాకపోతే, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తికమకపడతాయి. ఇంజిను నాలుగు చక్రాలనూ తిప్పే కార్లలోనైతే ముందువెనకలను కలిపే క్లచ్ వేడెక్కి అరిగిపోతుంది. ఆ బిల్లుతో పోలిస్తే టైర్ల ఖర్చు చిల్లరే.

4. రిమ్, బరువు సరిచూడండి

రిమ్ వెడల్పు టైరుకు తగినదేనా, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) ఎంత అనేవి అడగండి. అయిదుగురు కూర్చున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద టైరు ఫెండర్‌కు రాసుకుంటే ఆ కొలత పనికిరాదు. టైరు మీద లోడ్ ఇండెక్స్, అంటే అది మోయగల బరువును చెప్పే అంకె, కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది.

5. తర్వాతి ఖర్చు ఆలోచించండి

నాలుగూ ఒకటైతే 8-10 వేల కిలోమీటర్లకోసారి ముందువెనకలు మార్చి సమంగా అరిగేలా చూడొచ్చు. స్టాగర్డ్‌లో ఆ వీలు లేదు. స్టెప్నీ కూడా ఒక ఇరుసుకే సరిపోతుంది. ఇక అరుగుదల సమానమైనప్పుడు, నిలిచిన నీటి మీద వెడల్పు టైరే ముందుగా తేలుతుంది. మన వానాకాలపు రోడ్ల మీద ఇది చిన్న విషయం కాదు.

నన్నడిగితే, కంపెనీయే స్టాగర్డ్ ఇస్తే అలాగే ఉంచండి, సొంతంగా మాత్రం మొదలుపెట్టకండి. ఖర్చు తగ్గుతుందని, పై ఉదాహరణలోని కారుకు వెనక కూడా 225 వేయాలనుకుంటే, మీ మోడల్‌కు ఆ కొలతను కంపెనీ ఆమోదించిందో లేదో ముందు చూడండి. వెనక వెడల్పు తగ్గితే, తడి రోడ్డు మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక భాగం జారే అవకాశం పెరుగుతుంది.

బిగించాక గాలి ఒకే అంకెకు పట్టించకండి. ముందుకెంత, వెనకకెంత అన్నది స్టిక్కర్ మీదే ఉంటుంది. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు మరోసారి చూపించుకోండి.